కట్టినోళ్లే ఇప్పాలె

మొన్నటి ఎండకాలం కర్నూలుకు పోతుంటే బీచుపల్లి ఇవతల్నే నా కారు పొగలు కక్కింది. రేడియేటర్‌ల చుక్క నీళ్లు లేవు. రోడ్డు దిగి చూస్తే కృష్ణ ఒడ్డున ఓ బెండతోట, గట్టు మీద స్తంభం, స్తంభానికి స్టార్టర్ డబ్బా, దాని పైన వెలుగుతున్న బల్బు. బల్బు వెలుగుతుందంటే త్రీఫేజ్, అంటే మోటరు నడిచే కరెంటు, ఉన్నట్టు. ఖాళీ క్యాన్ పట్టుకొని పోయిన. తోటల కలుపు తీస్తున్న ఓ చిన్న వయసు ఆమెను, "చెల్లే, జర మోటరెయ్యి. క్యానెడు నీళ్లు గావాలె" అని అడిగిన.

ఆమె నడుమెత్తకుండనే కొడవలితోని స్తంభం దిక్కు చూపిచ్చింది. "అగో, పేలిక కట్టి ఉంది. కనపడ్తలేదా?"

చూసిన. డబ్బా పిడికి పాత చీర అంచు ముక్క ఒకటి ముడేసి ఉంది.

"మా అత్త కట్టింది. ఒడ్డు కింద మోటరు కాడ చెత్త తీస్తుంది. ఆమె వచ్చి ఇప్పితేనే మోటరు."

"చెత్త తీసుడు అయిపోయే ఉంటది. నేను ఇప్పుత తీ."

"ముట్టకు!" ఈసారి ఆమె నిలబడ్డది. కొడవలి కూడ ఆమెతోపాటే లేచింది. "కట్టినోళ్లే ఇప్పాలె."

"నేను కరెంటాఫీసు పెద్దసారునమ్మా" అన్న. కానే కాదు, కాని అలవాటు.

"అయితే నీకు ఇంకా మంచిగ తెల్వాలె గద" అన్నది.

గట్టు మీద కూసున్న. ఎండ నెత్తి మాడుస్తుంది, కారు రోడ్డు మీద బుసలు కొడుతుంది. నా కండ్లు మాత్రం ఆ ముడి మీదనే. అసొంటి ముడి మొట్టమొదట ఎవరు వేసిండ్రో నాకు తెలుసు. వేస్తుంటే పక్కనే నిలబడి చూసిన. నా మాట నమ్మెటోళ్లు ఈ మూడు ఊర్లల్ల, అంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ల, చాన తక్కువ. గది వేరే సంగతి.

ఆమెను అందరం మేడం అనే అనేటోళ్లం. ఓ కాలేజీల ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరై, వనపర్తిల మా కంప్యూటర్ సెంటర్ మీది అంతస్తుల అద్దెకుండేది. గద్వాల మగ్గాలోళ్ల ఆడబిడ్డ. కూరగాయలకు పోయినా, సోల్డరింగ్ ఐరన్ పట్టినా గద్వాల చీరే. నూలు వొళ్లు, పట్టు అంచు. ఐరన్ నుంచి రాలిన సీసం చుక్కలకు కొంగంతా జల్లెడైంది. ఆ కాలిన బొట్లు కొత్త డిజైన్ అనుకొని ఒకామె గద్వాలకు పోయి, గట్లాంటిదే నేసియ్యుండ్రి అని అడిగిందంట. చిన్న బ్యాటరీని నాలిక కొసకు ఆనిచ్చి వోల్టేజ్ చెప్పేది. మీటరుతోని చూస్తే తేడా వచ్చేది. మేడం మీటరును రిపేరుకు పంపేది. ఆమె మెట్లు దిగుతుంటే కింది దుకాణంల రేడియో దానంతటదే స్టేషన్ పట్టుకునేదని నేను పది మందికి చెప్పిన. దాంట్ల సగం కోసేసుకోండి. మిగిలిన సగం మాత్రం నిజం.

ఇంకోటి, గోర్ల రంగు. ఎప్పుడూ ఎర్రగ మెరిసే గోర్లు. ఆ సీసా పౌడరు డబ్బా పక్కన కాదు, పరికరాల పెట్టెల ఉండేది. ఎందుకంటే ఒక సర్క్యూట్ బోర్డును తిప్పి మల్లేసి, లాగి, గుంజి, దులిపి చూసినంక, అది ఆమె పరీక్షకు తట్టుకుంటే, దాని డబ్బా మూత మీద ఓ ఎర్ర చుక్క పెట్టేది. చుక్క లేని డబ్బా మెట్లు దిగొద్దు. గది ఆమె చట్టం.

నేనూ, నా దోస్తు సలీమూ అప్పటిదాక రైసు మిల్లులకు, బట్టల దుకాణాలకు బిల్లుల ప్రోగ్రాములు రాసేటోళ్లం. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేండ్లైంది, సెల్‌ఫోన్లు చేన్లల్లకు కూడ వచ్చినయి. కరెంటేమో ఎప్పుడొస్తే అప్పుడే పంట. మోటరెయ్యనీకి రైతు చేనుదాక ఉరకాలె. సలీమ్‌కు ఓ ఆలోచన వచ్చింది. స్టార్టర్ పక్కన ఓ చిన్న డబ్బా పెట్టి, దాంట్ల ఓ చౌక ఫోన్ పెడితే? రైతు ఇంట్ల కూసొని మిస్‌కాల్ ఇస్తే మోటర్ నడుస్తది, మల్ల ఇస్తే ఆగుతది. కోడ్ రాసుడు మాకు నీళ్లు తాగినంత సులువు. తీగలంటే మాత్రం ఏంది తెల్వదు. మేడం దగ్గరికి పోయినం.

"వోల్టేజ్ అంటే ఏంది?" అని అడిగింది, కూసోమనకుండనే.

"ట్యాంకు ఎత్తు మేడం, కరెంటేమో నీళ్లు..." అని సలీమ్ మొదలువెట్టిండు.

"నీళ్ల ముచ్చట నా ఇంట్ల చెప్పొద్దు. పైపు పగిలితే నీళ్లు కారుతయి. తీగ తెగితే కరెంటు కారుతదా? బకెట్ పట్టుకొని పోతవా?"

సలీమ్ తల దించుకున్నడు.

"వోల్టేజ్ అంటే రెండు చోట్ల నడుమ తేడా. ఒక్కడివే నిలబడి 'నేను పొడుగు' అంటే ఎవరికన్న పొడుగయ్యా? ఆ 'ఎవరికన్న' ఉన్నది చూడు, అదే గ్రౌండ్. మా మగ్గం మీద పడుగు ఉంటది. పేక దారం ఏ రంగుదైనా, యాడికెళ్లి వచ్చినా, ఆ పడుగు మీదనే నడవాలె. నీ ఫోనూ, నీ చిప్పూ ఒకదాని మాట ఒకదానికి తెలియాలంటే రెండింటికీ పడుగు ఒకటి ఉండాలె. లేకపోతే ఒకడు కన్నడంల, ఒకడు తెలుగుల కొట్లాడినట్టు."

గద్వాలామె కాబట్టి అట్లాంటి కొట్లాటలు చానా చూసి ఉంటది.

రిలే గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు మారేది. అగ్గిపెట్టెంత నల్ల డబ్బీని మా చెవికానిచ్చి, చిన్న బ్యాటరీ తగిలిచ్చి, "ఇన్నవా?" అనేది. టిక్. "లోపల ఓ తీగచుట్ట ఉంది. దానికి రవ్వంత కరెంటిస్తే అయస్కాంతమైతది. ఓ రేకును గుంజుతది. ఆ రేకు పోయి పెద్ద కరెంటును కలుపుతది. మీ చిప్పు ఇచ్చే కరెంటుతోని దోమ కూడ చావదు. గని అది పిలిస్తే పెద్ద మోటరు లేస్తది. పిలిచేటోని బలం కాదయ్యా, లేచేటోని బలం చూసి భయపడాలె."

మేము భయపడలేదు. మాకు ఆ టిక్ అనుడు చానా నచ్చింది.

భయపెట్టింది ఇంకో రోజు. మేము తయారు చేసిన మొదటి బోర్డు బల్ల మీద ఉంది. మోటరుకు బదులు ఓ చిన్న ఎర్ర లైటు. లైటు ఆరి ఉంది. మేడం గాజుల చెయ్యిని బోర్డు మీదికెళ్లి ముట్టకుండ ఇట్ల ఆనిచ్చినట్టు తిప్పింది. లైటు వెలిగింది. చెయ్యి తీసింది, మినుకుమంది. మల్ల తెచ్చింది, వెలిగింది. సలీమ్ ముఖం పాలిపోయింది. నేనైతే ఆమె గాజులే చూస్తున్న.

"మంత్రం కాదు. మీ చిప్పుకు ఈ కాలు ఉన్నది చూడు, పిన్ను, దాన్ని యాడా కట్టలేదు మీరు. గాలికొదిలేసిండ్రు. ఎవ్వరూ ఏం చెప్పకపోతే అది ఊరోళ్లందరి మాటా వింటది. నా చెయ్యి, పక్కింటి మిక్సీ, రోడ్డు మీద పోయే మోపెడు, అందరూ దానికి యజమానులే."

"కోడ్‌ల సున్న అని రాసిన మేడం" అన్నడు సలీమ్.

"నీ కోడ్ లేచేకన్న ముందు? కరెంటొచ్చినంక చిప్పు కండ్లు తెరిచేదాక ఆ రెప్పపాటుల మోటరు దగ్గర కావలి ఎవరు?"

ఆ పిన్నుకూ గ్రౌండుకూ నడుమ ఓ రెసిస్టర్ అతికిచ్చింది. పుల్‌డౌన్ అంటరు దాన్ని. ఎవ్వరూ పిలవనప్పుడు ఆ పిన్నును మెల్లగ సున్న దిక్కు గుంజి పట్టుకొని కూసుంటది. ఇప్పుడు మేడం చెయ్యి ఎంత తిప్పినా లైటు కదలలేదు. గాజులు మోగినయి, అంతే.

అప్పటి నుంచి ఆమె ప్రశ్న ఒక్కటే. "మీ డబ్బా చస్తే మోటరు ఏం జేస్తది?" దేన్ని చూసినా ఇదే అడిగేది. లిఫ్టు ఎక్కితే, "తాడు తెగితే ఇదేం జేస్తది?" ఆటో ఎక్కితే డ్రైవర్ ముఖం మీదనే, "ఈయన కునికితే ఆటో ఏం జేస్తది?" ఓసారి పెండ్లిచూపులకు పెద్దమనిషిలెక్క తోలుకపోతే, పిలగాన్ని పైనుంచి కింది దాక చూసి, "నీకు కోపమొస్తే ఏం జేస్తవు?" అన్నది. పిలగాడు తడబడ్డడు. పిల్ల నవ్వింది. సంబంధం మాత్రం కుదిరిందంట.

డబ్బాలు అమ్ముడుపోవుడు మొదలైనంక కొత్త పరేషాన్ వచ్చింది. మోటరు గంటల కొద్ది నడుస్తది, అంతసేపు రిలే లేచే ఉండాలె, బ్యాటరీ దిగిపోతుంది. రైతులు ఫోన్ల మీద ఫోన్లు. సలీమ్ ఓ తెలివి చేసిండు. రిలేకు రెండు దిక్కులు ఉంటయి: లేస్తే కలిసేది ఒకటి, లేస్తే విడిపోయేది ఒకటి. మేడం చెప్పింది మొదటి దిక్కు. సలీమ్ తీగలు రెండో దిక్కుకు మార్చిండు. రిలే పండుకుంటే మోటరు నడుస్తది, రిలే లేస్తే ఆగుతది. లైన్ల కరెంటు లేనంతసేపు రిలేను లేపే పనే లేదు, బ్యాటరీ మిగిలింది. రైతులు ఖుష్.

"కోడ్‌ల ఒక్క గుర్తు మార్చిన మేడం, అంతే" అని గర్వంగ చూపిచ్చిండు.

మేడం డబ్బాను తన దిక్కు జరుపుకుంది. మోటరుకు బదులు తగిలిచ్చిన, ఆరి ఉన్న బల్బును చూపిచ్చింది. డబ్బాకు పోయే బ్యాటరీ తీగను పట్టుకొని పీకింది. బల్బు భగ్గుమంది.

"చచ్చింది" అన్నది. "మోటరు నడుస్తుంది. ఇగ దీన్ని ఆపు."

మిస్‌కాల్ ఇస్తే వినెటోడు లేడు. సలీమ్ చేతిల ఫోన్‌ను మల్ల జేబుల పెట్టుకున్నడు.

"ఇట్లాంటియి ఎన్ని పోయినయి బయటికి? చుక్క పెట్టకుండ?"

"కొన్ని పోయినయి మేడం. బల్మూర్ దిక్కు, లింగాల దిక్కు."

"తెప్పియ్యి."

ఆ రోజు ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. సలీమ్ మోటర్ సైకిలేసుకొని తిరిగి ఒక్కొక్కదాన్ని చుక్క ఉన్న డబ్బాతోని మార్చుకుంట వచ్చిండు. ఒక్కటి మాత్రం దొరకలేదు. ఎవరికి ఇచ్చిండో గుర్తు లేదు; డబ్బాలన్నీ తెల్లగ ఒక్క తీరే. సామాన్లకని సలీమ్ హైదరాబాద్ పోతే, మేడం నా బండి వెనక కూసొని, "పా" అన్నది. ఊరూరికి పోయి మూతల మీద చుక్క వెతుకుడు. చుక్క కనపడితే, "ఇది మనదే, పా". మండుటెండల ఆ పట్టుచీర, నల్ల కండ్లద్దాలు, చేతిల స్క్రూడ్రైవరు. మమ్ముల చూసి ఓ ఊర్ల కరెంటు దొంగతనాల తనిఖీ అనుకొని కొక్కాలన్నీ తీసేసిండ్రు. ఆ సాయంత్రం ఆ ఊర్ల వోల్టేజ్ పెరిగిందని నేను ఇప్పటికీ చెప్తుంట.

లింగాల పొంటి నర్సింలు చేను. పెద్ద మోటబావి, లోపల సగం లోతుకు రాతి గట్టు, గట్టు మీద మోటరూ పంపూ. మేము పోయేసరికి నర్సింలు తువ్వాల నడుముకు చుట్టి బావి మెట్లు దిగుతుండు. పంపు బిగుసుకుపోయిందంట, చేత్తోని తిప్పి ఒదులు చెయ్యాలంట.

"మెట్టు మీద పామన్నా!" అన్న నేను. అట్లనే అంట ఎప్పుడూ. నర్సింలు ఎగిరి గంతేసి, తర్వాత నన్ను తల్లిని తండ్రిని కలిపి తిట్టి, నవ్వుకుంట దిగిండు.

మేడం నవ్వలేదు. "ఫ్యూజులు తీసినవా?" అని బావిలోకి అరిచింది.

"ఎందుకమ్మా, కరెంటే లేకపాయె! మన వంతు పొద్దు వాలినంకనే." గొంతు బావిల గుండ్రంగ తిరిగి పైకొచ్చింది. "ఫ్యూజులు తీస్తే పక్క చేనోళ్లు కొట్లాటకొస్తరు, ట్రాన్స్‌ఫార్మర్ అందరిది."

మా దిక్కు అందరూ ఇట్లనే. కరెంటు లేని వేళంటే ఫ్యూజు తీసినట్టే లెక్క. మోటరు మీద చెయ్యి పెట్టాలంటే మెయిన్ చూడరు, పొద్దు చూస్తరు.

"స్టార్టర్ డబ్బా తాళంచెవి యాడుంది?" అన్నది మేడం.

"నా మొలతాడుకే ఉందమ్మా. దొంగలు గదా!"

స్టార్టర్ ఉన్న ఇనుప డబ్బాకు తాళం. మా తెల్ల డబ్బా దాని బయట, స్తంభానికి బిగిచ్చి ఉంది. ఇనుప డబ్బాల పెడితే ఫోనుకు సిగ్నల్ అందదు. దాని కింద వేలాడే బకెట్‌ల బ్యాటరీ, దాన్ని నింపనీకి తర్వాత తగిలిచ్చిన ఛార్జరు. బకెట్‌లకెళ్లి ఓ ఎర్ర తీగ, ఓ నల్ల తీగ డబ్బాలకు పోతయి. అంతా బాగుంది, గని తెల్ల డబ్బా తెల్లగ లేదు. లోపల ఫోన్ ఉన్నదని దొంగలకు తెల్వొద్దని నర్సింలు దానికి ఎర్రమట్టి మెత్తిండు. ఇంటి గోడలెక్క అలికిండు. మూత మీద చుక్క ఉన్నదో లేదో దేవునికెరుక.

"నువ్వు ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పో. కొట్లాటకొస్తే నా పేరు చెప్పు" అన్నది నాతోని. ట్రాన్స్‌ఫార్మర్ చేన్లకావల, తాటిచెట్ల కాడ. నేను చెప్పులు తొడుక్కుంటున్న.

అప్పుడు ఊరి దిక్కు నుంచి గిర్ని చప్పుడు వినవడ్డది. టుక్ టుక్ టుక్. పిండి గిర్ని త్రీఫేజ్ మీద తప్ప నడవదు. తల ఎత్తి చూస్తే స్తంభం మీది బల్బు వెలుగుతుంది.

వంతు మారింది. ఎవరికీ చెప్పకుండ మార్చిండ్రు.

మేడమూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. కరెంటు వస్తే వచ్చింది, పిలిచేదాక మా డబ్బా మోటరెయ్యదు. పిలిచేటోడు బావిల ఉన్నడు. అంతే గద అనుకునేలోపల తెల్ల డబ్బాల ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది.

ఇంట్ల నర్సింలు పెండ్లాం బాలమ్మ. గిర్ని మొదలైతే మిస్‌కాల్ ఇయ్యాలని ఇద్దరి నడుమ ఒప్పందం. మొగడు బావి పైన, చేను గట్టు మీద ఉన్నడనుకుంటుంది ఆమె.

డబ్బా పీప్, పీప్ అని కూయవట్టింది. ఆ కూత కూడ మేడం చట్టమే. పిలవంగనే లేవొద్దు, చెప్పి లేవాలె. మనిషి దగ్గి, తువ్వాల దులుపుకొని పక్కకు జరిగేంత సేపు కూసి, అప్పుడు మోటరు లేవాలె. ఆ ఆలస్యం ఎందుకని సలీమ్, నేను, రైతులు అందరం సతాయించినం.

"నర్సింలూ! కరెంటొచ్చింది! చెయ్యి తీయ్!" అని బావిమీద ఒంగి అరిచిన.

"ఆఁ, పాము కూడ వచ్చిందా?" అని నవ్విండు కిందికెళ్లి. చెయ్యి పంపు ఇరుసు మీదనే ఉంది. పైకి కనపడ్తుంది.

"ఒట్టు! బల్బు వెలుగుతుంది!"

"నీ కతలు పైన చెప్పు సారూ, నాకు పనుంది!"

పీప్, పీప్.

మేడం స్తంభం కాడ ఉంది. ఎర్ర తీగ, నల్ల తీగ ఎడమ చేతిల. పీకలేదు. నాకు అప్పుడు అర్థమైంది ఆమె ఎందుకు పీకలేదో. ఇది మంచి డబ్బా అయితే పీకంగనే చస్తది, మోటరు లేవదు. దొరకని ఆ ఒక్క డబ్బా ఇదే అయితే, పీకంగనే మోటరు తిరుగుతది, అరిచి చెప్పనీకి మిగిలిన ఆ రవ్వంత యాళ్ల కూడ మాకు ఉండదు. చుక్క ఉంటే పీకాలె. చుక్క లేకపోతే ముట్టొద్దు, అరవాలె. రెండింటికీ నడుమ ఎండిన ఎర్రమట్టి.

గోర్లతోని గీకింది. రాలలేదు. ఎండకు ఇటుకలెక్క గట్టిపడ్డది. నోట్లకెళ్లి ఉమ్మి కొంగు తడిపింది. గద్వాల పట్టుకొంగు. మూతను తోమింది, వంట గిన్నెను తోమినట్టు. మట్టి ఎర్రగ కరిగి కారుతుంది, ఎరుపుల ఎరుపు, ఏది చుక్కో ఏది మట్టో. మల్ల ఉమ్మింది. మల్ల తోమింది. నేను అరుస్తనే ఉన్న, నా గొంతు నాకే కొత్తగ ఉంది, బావి నా మాటలు నాకే వాపస్ ఇస్తుంది.

కూత జోరందుకుంది. మోటరు లేచే ముందు అట్ల జోరందుకుంటది.

మేడం చెయ్యి ఆగింది. మొఖం డబ్బాకు అంటుకునేంత దగ్గరికి పెట్టి చూసింది.

పీకింది.

కూత సగంల తెగింది. నేను కండ్లు మూసుకున్న. బావిలకెళ్లి మోటరు మూలుగు వస్తదని చూస్తున్న. గిర్ని చప్పుడు తప్ప ఏం లేదు. కండ్లు తెరిస్తే, మూత మూలకు, మట్టి కరిగిన చోట, శనగగింజంత ఎర్ర చుక్క మెరుస్తుంది. గోర్ల రంగుది. మట్టి మెరవదు.

డబ్బాల ఫోన్ మల్ల మోగింది. ఆగింది. మల్ల మోగింది. మోటరు చప్పుడు వినపడక బాలమ్మ ఇంటి నుంచి పిలుస్తనే ఉంది. ఫోనుకు సొంత బ్యాటరీ ఉంటది; చచ్చిన డబ్బాల బతికున్న ఫోన్.

అప్పుడు మేడం కొంగు అంచు పండ్ల నడుమ పట్టుకొని పర్రున చింపింది. మగ్గం మీద నూలునూ పట్టునూ పోగు పోగుకు కలిపి అతికిచ్చే ఇంటి ఆడబిడ్డ, ఆ కలిసిన చోటనే చింపింది. ఊడిన తీగ కొనలను ఒకదానికొకటి తగలకుండ మడిచి, తాళమేసిన ఇనుప డబ్బా పిడికి అంచు ముక్కతోని ముడేసింది. ముడి మీద ముడి. నేతగాళ్ల ముడి.

"ఇప్పుడు మెల్లగ రమ్మను" అన్నది నాతోని.

నర్సింలు నీళ్లు కార్చుకుంట పైకొచ్చిండు. బల్బు చూసిండు. నన్ను చూసిండు. నవ్వు ఆగిపోయింది. మేడం అతని కుడిచెయ్యి పట్టుకొని, తిప్పి, ఒక్కొక్క వేలు చూసింది.

"ఏందమ్మా, జాతకం చూస్తున్నవా?" అన్నడు.

"ఆఁ. మంచిగనే ఉంది" అన్నది. చెయ్యి మాత్రం చానసేపు వదల్లేదు.

బాలమ్మ సద్ది పట్టుకొని గట్టెక్కుకుంటనే మొదలువెట్టింది. "ఎన్నిసార్లు మిస్‌కాల్ ఇయ్యాలె? నీ మోటరు చెవిటిదైందా, నువ్వైనవా?" దగ్గరికొచ్చి, మొగని తడి వొళ్లు చూసి, బావి మెట్ల మీది తడి అడుగులు చూసి, స్తంభం మీది బల్బు చూసి, సద్ది కింద పెట్టి కూలబడ్డది.

మేడమే పోయి ఆమె పక్కన కూసున్నది. "నీ తప్పేం లేదు బిడ్డా. ఇంట్ల కూసొని పిలిచెటోళ్లకు ఈడ ఎవరున్నరో కనపడదు. మేము దూరం నుంచి పిలుసుడు నేర్పినం, దూరం నుంచి చూసుడు నేర్పలేదు." ముడి దిక్కు చూపిచ్చింది. "ఇగ మీద మోటరు కాడ మనిషి దిగితే, తీగలు పీకి, ముందు ఓ పేలిక కట్టాలె. కట్టినోళ్లే ఇప్పాలె. ఇంకెవరూ ముట్టొద్దు. మొగడైనా సరే, సర్కారోళ్లైనా సరే."

బాలమ్మ తలూపింది. తర్వాత ఇంకోసారి ఆ దిక్కు పోతే, ఆమె చుట్టాలకు, పక్క చేనోళ్లకు చెప్పుకుంట పోయిన ఊర్లన్నిట్ల స్తంభాలకు చీర అంచులు వేలాడుతున్నయి. నైలాన్ అంచులు, నూలు అంచులు. మా డబ్బా ఉన్నోళ్లు, లేనోళ్లు కూడ.

దొరకని ఆ ఒక్క డబ్బా బల్మూర్ కాడ ఓ పశువుల కొట్టంల దొరికింది. పెట్టిచ్చుకున్నాయన బోరెండిపోయి దాన్ని దూలానికి వేలాడదీసిండు. మేడం దాన్ని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి, సలీమ్ వచ్చేదాక ముట్టలేదు. వచ్చినంక, "విప్పు" అన్నది. సలీమ్ తనే విప్పి, తనే తీగలు మార్చిండు. ఆమె పక్కన నిలబడి చూసింది. చివరికి సీసా మూత తీసి చుక్క పెట్టమని అతనికే ఇచ్చింది.

చినిగిన ఆ చీరను బాగు చేపిద్దామని గద్వాలకు తీస్కపోయింది. వాళ్ల అన్న కొడుకు దాన్ని చూసి, "అత్తా, ఏ పాపిష్టోడు చింపిండు దీన్ని?" అన్నడంట. "ఓ పాపిష్టిది" అని మడతేసుకొని వచ్చింది. అట్లనే కట్టుకునేది, చిరుగు పైకే కనపడేటట్టు. ఎవరన్న అడిగితే, కొత్త ఫ్యాషన్ అనేది.

ఆమె పోయిన సంగతి నాకు ఆలస్యంగ తెలిసింది. నిద్రల పోయిందంట. మెల్లగ, అంతా ఆగిపోయినంక, ఏదీ తిరగకుండ. ఆమెకు తగినట్టే.

బీచుపల్లి కాడ, ఒడ్డు కిందికెళ్లి అత్త వచ్చింది. మోకాళ్లదాక బురద, చేతినిండ నాచు. నన్ను లెక్కచెయ్యకుండ స్తంభం కాడికి పోయి, చేతులు కొంగుకు తుడుచుకొని, ముడి ఇప్పింది. పేలికను నడుముల దోపుకొని అప్పుడు మోటరేసింది. నీళ్లు ఎగదన్నుకొచ్చినయి. క్యాన్ పట్టిన.

"ఈ పేలిక కట్టుడు ఎవరు నేర్పిండ్రమ్మా మీకు?" అని అడిగిన.

"ఎవరు నేర్పుతరు? మా తాతల కాలం నుంచి ఉన్నదే."

"కాదమ్మా. మొదట కట్టింది మా మేడం. లింగాల కాడ. నేను పక్కనే ఉన్న." అంతా చెప్పిన. మట్టి, చుక్క, ఉమ్మి, పట్టుచీర, ఏదీ వదిలిపెట్టలేదు, ఏదీ కలపలేదు. జన్మల ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పిన.

ఆమె మొత్తం విని, కోడలి దిక్కు తిరిగి, "కరెంటు సారు కత మంచిగ చెప్తడే" అన్నది.

"నమ్మవా?"

"ఎట్ల నమ్మాలె? గుర్తు కట్టకుండ మనిషి మోటరు కాడికి దిగుడుంటదా? అంత తెలివి లేనోళ్లు ఉంటరా యాడన్న?"

క్యాన్ నిండి పొర్లుతుంది. మూత బిగిచ్చిన. మేడం ఆ మాట విని ఉంటే మాత్రం, పరికరాల పెట్టె తెరిచి, ఆ ఎర్ర రంగు సీసా మూత తీసేది.